పిస్టన్ నెత్తి మీద వేలిముద్ర

పూతమామ చేతి పూత ఊడిన దాఖలా మూడు లోకాల్లో ఎక్కడా లేదు. గొప్పకు చెబుతున్న మాట కాదిది. ఆయన పూత వేసిన ఇంజను ఒకటి ఓసారి నడిరోడ్డు మీద అంటుకుని, బండి బండంతా కరిగి ముద్దయిపోయింది. మంటలార్పేవాళ్లు వచ్చి బూడిద కెలికి చూస్తే ఏముంది! పిస్టన్ కరిగి కాలవలా పారిపోయింది గానీ, దాని నెత్తిన మామ వేసిన పూత మాత్రం చిన్న గిన్నెలా వెల్లకిలా పడి, చెక్కుచెదరకుండా నిగనిగలాడుతోంది. బండిగలాయన ఆ గిన్నె కడుక్కుని, బతికినన్నాళ్లూ అందులోనే టీ తాగాడు. ఆ టీ ఎంతకీ చల్లారేది కాదట. ఊదుకుని ఊదుకుని పాపం ఆయన బుగ్గలు పీక్కుపోయాయి.

అలాంటి పూత ఊడింది. పోయినవారం మనం ఆగింది అక్కడే.

మరిచిపోయినవాళ్ల కోసం, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. వీధి చివర కింద వర్క్‌షాపు, పైన ఇల్లు. కింద పూతమామ పందెం బండ్ల ఇంజను భాగాలకు పూత వేస్తాడు. పిస్టన్ అంటే ఇంజను లోపల పైకీ కిందికీ ఎగిరే లోహపు గ్లాసు అనుకోండి. బోర్లించిన గ్లాసు. దాని నెత్తిన నిప్పు ఊపిరాడకుండా పేలుతూనే ఉంటుంది. ఆ నిప్పుకు నెత్తి కరిగిపోకుండా మామ పట్టే గొడుగే ఆ సిరామిక్ పూత. వెంట్రుక మందం కూడా ఉండని గొడుగు. పైన ఆయన భార్య ఉంటుంది, వీధిలో అందరికీ టేపత్త. పూత పడకూడని చోట్లకు, అంటే రింగులు కూర్చునే గాడులకూ పిన్ను దూరే బెజ్జానికీ, టేపు చుట్టి మూయడం ఒకప్పుడు ఆవిడ పని. వాళ్లకొక్కతే కూతురు, పిడుగు. ఉయ్యాల్లో వేసిన నాడే ఉయ్యాల కొక్కెం ఊడబెరికిందని ఆ పేరు పెట్టారు.

ఆ పిడుగు పెరిగి పందెం బండి ఎక్కింది. ఒకసారి పడి భుజం ఎముక విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రోజున టేపత్త చేతిలో ఉన్న టేపు చుట్ట కింద పెట్టేసి, "ఇక ఆ బండి సామానుకు నేను చెయ్యి వెయ్యను. ఆ బండెక్కే మనిషితో మాట్లాడను" అని ఒట్టేసుకుంది. పిడుగు ఏమైనా తక్కువ తిందా? "సరే, నేనూ మాట్లాడను" అంది. అప్పటి నుంచి ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర తింటూ, తల్లీకూతుళ్లిద్దరూ మాట్లాడుకోవాల్సినదంతా మామ మీదుగానే మాట్లాడుకుంటున్నారు. ఆయనేమో మధ్యలో టెలిఫోను స్తంభంలా నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు అందిస్తున్నాడు. కాస్త మెత్తబరిచి అందించేవాడు లెండి. స్తంభానికి ఆ మాత్రం దయ ఉండాలి కదా.

రేపే పెద్ద పందెం. పిడుగు ఇంజనును బెంచి మీద పరుగెత్తించి చూస్తుంటే మెకానిక్కుకు ఏదో తేడా వినిపించింది. ఆ కుర్రాడు టేపత్తకు అన్నగారి కొడుకు, పిడుగుకు బావ, వీధికి స్పానరు. ఇంజను నెత్తిన ఉండే మూత, హెడ్డు, విప్పి చూశాడు. ఉన్న రెండు పిస్టన్లలో ఒకదాని మీద పూత లేచిపోయి ఉంది. రెండోది శుభ్రంగా ఉంది. ఊడినదాన్ని తీసి మామ చేతిలో పెట్టి, దాని చోట అట్టేపెట్టిన పాత పిస్టన్ బిగించి, ఇంజను మూసేసి, బండిని మైదానానికి తీసుకెళ్లాడు. వెళుతూ వెళుతూ, "ఎందుకు ఊడిందో మాత్రం తేల్చు మామా. పిడుగుకి నీ పూత మీద తప్ప దేని మీదా నమ్మకం లేదు" అన్నాడు.

ఇదీ సంగతి. ఇక పైకి పదండి.

వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద పిస్టన్ పెట్టుకుని మామ కూర్చున్నాడు. ఒక కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకున్నాడు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ సరిగ్గా పిస్టన్ మీద పడుతోంది. పక్కన పళ్లెంలో భోజనం ఆయన ముఖం చూసి చూసి చల్లారిపోయింది.

ఆయన చూస్తున్నది మెకానిక్కు చూసినదే. నల్లటి పూత మధ్యలో బొటనవేలంత మేర పెచ్చు లేచిపోయి, లోపలి లోహం కనబడుతోంది. కానీ రెండు కళ్లజోళ్లలోంచి చూస్తే ఇంకోటి కూడా కనబడింది. ఊడిన చోటుకు అడ్డంగా, ఏటవాలుగా, దారప్పోగంత సన్నగా ఒక గీత. ఆ గీత మేర మాత్రం పూత ఊడలేదు. ఉడుంపట్టు పట్టుకుని ఉంది.

మామ పొయ్యి దగ్గరున్న భార్య వైపు దొంగచూపు చూశాడు.

ఎందుకంటే ఆ గీత ఆయనకు తెలుసు. చేతిలో చెయ్యి వేసుకున్నప్పుడల్లా తన అరచేతికి తగిలే గీత అది. పెళ్లయిన కొత్తలో టేపు కోస్తుంటే బ్లేడు జారి టేపత్త బొటనవేలు అడ్డంగా తెగింది. కట్టు కట్టడానికి ఏదీ దొరక్క మామ ఆ టేపునే చుట్టేశాడు. డాక్టరు ఆ టేపు పీకలేక ఆయన్ని తిట్టిన తిట్లు ఆయనకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. గాయం మానింది, మచ్చ మిగిలింది. మచ్చకు చెమట పట్టదు. చెమట అంటని చోట పూత పట్టింది, అంటిన చోట ఊడింది.

ఇక్కడ ఈ పనిలో ఉన్న ఒక కట్టుబాటు చెప్పాలి. పూత వేసేముందు పిస్టన్ నెత్తిని గరుకుపొడితో గాలిపోటు కొట్టి బ్లాస్టింగ్ చేస్తారు. అప్పుడు దానికి సన్నటి గరుకు వస్తుంది, పూత ఆ గరుకును పట్టుకునే నిలబడుతుంది. బ్లాస్టింగ్ అయిన క్షణం నుంచి దాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. ఎంత కడిగిన చెయ్యి అయినా సరే. వేలికి ఉండే కాస్త జిడ్డు ఆ గరుకులో దిగిపోతుంది. పూత దాని మీద కూర్చుని, ఓవెన్‌లో ఎండి, పైకి అద్దంలా కనబడుతుంది. వేడి తగిలాక మెల్లగా లేస్తుంది. ఎప్పుడు లేస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఇంత చెప్పాక మొదట్లో కోసిన కోత వెనక్కి తీసుకోకపోతే బాగుండదు. మూడు లోకాల సంగతి అటుంచండి, ఈ వీధిలోనే మామ పూతలు కట్టలు కట్టలుగా ఊడాయి. షాపు పెట్టిన కొత్తలో వేసినది వేసినట్టు పెచ్చులు లేచేది. వెనక గోడ పక్కన ఊడిన సామాను గుట్ట పడి, పిల్లులు దాని మీద కాపురాలు పెట్టాయి. ఎందుకు ఊడుతోందో తెలియక మామ పొడి మార్చాడు, పూత చల్లే గన్ను మార్చాడు, ఓవెన్‌ను ఆ గోడ నుంచి ఈ గోడకు మార్చాడు. చివరికి కొత్తగా కాపురానికి వచ్చిన భార్య ఆ గుట్ట ముందు గొంతుక్కూర్చుని, ఒక్కొక్కటీ తిప్పి చూసి, "ఏవండీ, మీరు ఎక్కడ పట్టుకుని ఎత్తుతారో అక్కడే ఊడుతోంది" అంది. ఆ మర్నాడు తెల్ల నూలుగుడ్డతో రెండు జతల గ్లౌజులు కుట్టి, గుమ్మం పక్కన మేకుకు తగిలించింది. అప్పటి నుంచి ఊడటం ఆగింది. అంటే ఆ కట్టుబాటు పెట్టింది ఆవిడే. గిన్నెలో టీ తాగిన పెద్దమనిషి సంగతా? టీ తాగిన మాట నిజమే. గ్లాసులో తాగాడు.

అలాంటి మనిషి ఒట్టి చేత్తో పిస్టన్ ముట్టుకుందంటే మామ నమ్మలేకపోతున్నాడు. కానీ ఆలోచిస్తే పూత వేసిన రోజు జరిగినది ఒక్కొక్కటే గుర్తొస్తోంది. తను వెనక గదిలో స్ప్రే గన్ను కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద భోజనం క్యారియర్ ఉంది, మనిషి లేదు. ఇన్నేళ్ల కాపురంలో, ఆయన తినేదాకా నిలబడి ఉప్పు సరిపోయిందని చెప్పించుకోకుండా ఆవిడ వెళ్లింది ఆ ఒక్కరోజే.

మెట్ల మీద చప్పుడైంది. పిడుగు ఎప్పుడూ రెండేసి మెట్లు ఎక్కుతుంది.

మామ గబుక్కున పేపరు మడిచి పిస్టన్ మీద కప్పాడు. అంతకన్నా అనుమానంగా కప్పడం ఎవరికీ చేతకాదు.

"మీ కూతురికి చెప్పండి, చేతులు కడుక్కుని కూర్చోమని," అంది టేపత్త పొయ్యి వైపు తిరిగే.

"నాన్నా, ఆవిడకి చెప్పు, కడుక్కునే వచ్చానని," అంది పిడుగు హెల్మెట్ చంకలోంచి తీస్తూ.

"ఆవిడ నీ ఎదురుగానే ఉందిగా."

"ఎదురుగా లేదు. వీపు ఉంది."

"వీపుకి వినబడిందిలే," అన్నాడు మామ.

వీపు కాస్త కదిలింది. నవ్వో, దగ్గో తెలియలేదు.

పిడుగు కుర్చీ లాక్కుని కూర్చుంది. "తేలిందా?"

"ఏది?"

"నాన్నా!"

"ఆ... తేలకేం. పొడిలో ఏదో తేడా ఉన్నట్టుంది."

"పొడిలో తేడా ఉంటే రెండోది కూడా ఊడాలిగా. ఒకే పొడి కదా."

"ఓవెన్ ఒక పక్క ఎక్కువ కాగుతోందేమో."

"రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. నేనే పెట్టాను." పిడుగు తండ్రి ముఖంలోకి చూసింది. "నువ్వు నాకు ఈ పని నేర్పినవాడివి. నాకే కబుర్లు చెప్తావేంటి?"

మామ నీళ్లు తాగాడు. గ్లాసులో నీళ్లు లేవు. అయినా తాగాడు.

పిడుగు గొంతు తగ్గించింది. "చూడు నాన్నా. ఆ బండి మీద నేను వంగి పడుకున్నప్పుడు నా పొట్ట కింద ఏం జరుగుతోందో నాకు తెలీదు. తెలుసుకోకూడదు కూడా, తెలుసుకుంటే భయమేస్తుంది. కింద నువ్వున్నావనుకుంటాను. నువ్వు వేశావు, ఊడదు, అంతే. ఇప్పుడు ఊడింది. ఎందుకు ఊడిందో తెలిస్తే రేపు ఎక్కుతాను. తెలియకపోతే ఎక్కను."

హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది.

పొయ్యి దగ్గర గరిటె ఆగిపోయింది.

మామకు ఆ గరిటె ఆగడం వినబడింది. టేపత్త కోరుకున్నది ఇదే. కూతురు ఆ బండి దిగితే చాలనుకుని కదా ఇన్నాళ్లూ నోరు కట్టుకుంది. ఇప్పుడు ఎవరూ ఏమీ చెప్పకపోతే చాలు, పిడుగు రేపు ఇంట్లోనే ఉంటుంది. చెబితే ఎక్కుతుంది. చెబితే ఇంకోటి కూడా జరుగుతుంది. ఆ వేలు ఎవరిదో తెలిస్తే ఈ ఇంట్లో మిగిలిన ఆ కాస్త వీపు కూడా మిగలదు.

"నేనే ముట్టుకున్నాను," అన్నాడు మామ.

"ఏంటీ?"

"బ్లాస్టింగ్ అయ్యాక. ఒట్టి చేత్తో. వయసైపోతోంది కదే, మర్చిపోయాను."

"నువ్వా?" పిడుగు నవ్వేసింది. "చుట్టాల పెళ్లిలో ఫొటోకి కూడా గ్లౌజులు వేసుకున్న మనిషివి. ఏ చేత్తో ముట్టుకున్నావు?"

"కుడి... ఎడమ. రెండూ."

"ఒక్క వేలే ఉంది కదా?"

"మిగతావి మడిచాను."

ఆ మాటకు ఆయనకే నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. పిడుగు పేపరు లాగేసింది. పిస్టన్ ఎత్తి కిటికీ వైపు తిప్పింది. ఆ అమ్మాయి కళ్లకు రెండు కళ్లజోళ్లు అక్కర్లేదు. చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తండ్రి కుడిచెయ్యి పట్టుకుని బొటనవేలు తిప్పి చూసింది. ఎడమచెయ్యి కూడా చూసింది.

"నీ వేలికి గీత లేదు నాన్నా," అంది మెల్లగా.

చిన్నప్పుడు ఆ గీత మీద పెన్నుతో రైలుపట్టాలు గీసేది పిడుగు. ఆ వేలు నోట్లో పెట్టుకుంటేనే నిద్రపోయేది. తన వేలు కాదు, తల్లి వేలు. ఎవరిదని అడగాల్సిన పని లేదు.

పొయ్యి కట్టేసిన చప్పుడైంది. టేపత్త ఇటు తిరిగింది. ఇన్నాళ్ల తర్వాత వీపు ఉన్నచోట ముఖం కనబడేసరికి బల్ల దగ్గర ఇద్దరూ సర్దుకుని కూర్చున్నారు. ఆవిడ చెయ్యి కొంగుకు తుడుచుకుని, బొటనవేలు పైకి పెట్టి, బల్ల మీదుగా కూతురి ముందుకు చాపింది.

"నాదేనే," అంది.

మామ ఆ మాటను అందించడానికి అలవాటుగా పిడుగు వైపు తిరిగి, "ఆవిడ ఏమంటోందంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. స్తంభానికి పని పోయింది.

పిడుగు ఆ వేలి వైపు చూసింది. "కావాలనే చేశావా?"

"ముట్టుకున్నది కావాలని కాదు," అంది టేపత్త. "చెప్పకపోవడం కావాలనే."

కింద వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేశారు.

"క్యారియర్ పెట్టి వెళ్దామని వచ్చాను," అంది టేపత్త, ఇద్దరినీ కాక బల్లను చూస్తూ. "ఈయన లోపల గన్ను కడుక్కుంటున్నాడు. పిస్టన్లు తెల్లగుడ్డ మీద పెట్టి ఉన్నాయి. అప్పుడే బ్లాస్టింగ్ చేసినట్టున్నారు. టేపు చుట్టిన తీరు చూద్దామని వంగాను. ఏం చుట్టారండీ అది? పిల్లి నమిలి పారేసినట్టుంది."

"తొందరలో చుట్టాను," అన్నాడు మామ.

"తొందర లేనప్పుడూ అలాగే చుడతారు. సరే, వంగాను. ఆ రంగు నీకు తెలుసుగా, తెలుపూ కాదు బూడిదా కాదు. పౌడరు అద్దిన పసిపిల్ల వీపులా ఉంటుంది. దీని నెత్తిన కదా అంత నిప్పు పేలేది అనుకున్నాను. దీని మీద కదా నా పిల్ల కూర్చునేది అనుకున్నాను. అంతే. చెయ్యి ఎప్పుడు వేశానో నాకే తెలీదు. నిమురుతున్నాను. మేకుకి గ్లౌజులు వేలాడుతున్నాయి, నేను కుట్టినవే. అవి కనబడ్డాక తెలిసింది నేనేం చేస్తున్నానో."

"స్పిరిట్ పెట్టి తుడవొచ్చుగా. లేదా నాన్నకి ఒక్క కేక వేస్తే మళ్లీ బ్లాస్టింగ్ చేసేవాడు," అంది పిడుగు.

"గుడ్డ తడుపుకున్నాను కూడా. అప్పుడు అనిపించింది. ఇది ఊడితే బెంచి మీదే ఊడుతుంది. పందెం రోజుకి ఇంజను ఉండదు. నా పిల్ల ఇంట్లో ఉంటుంది." టేపత్త వేలికొనతో బల్ల మీద చుక్క పెట్టి చూపింది. "ఆవగింజంత అనిపించిందే. అంతే. ఆ ఆవగింజకే గుడ్డ అక్కడ పడేసి వచ్చేశాను. తర్వాత చెబుదామంటే ఒట్టు. నీతో మాట్లాడితే ఓడిపోయినట్టు. ఈయనకి చెబితే మొహం మాడ్చుకుని తిండి మానేస్తాడు. రోజూ చెబుదామనుకోవడం, రోజూ కూర కలపడం."

పిడుగు ముఖం ఎర్రగా అయింది. మామ భయపడ్డాడు. ఆ రంగు వచ్చాక సామాన్యంగా తలుపు ఒకటి దభాలున పడుతుంది.

"నన్ను ముట్టుకోవచ్చుగా," అంది పిడుగు.

"ఏంటి?"

"నన్నే ముట్టుకోవచ్చుగా అమ్మా. పక్క గదిలోనే ఉంటాను కదా. భుజం నొప్పితో మూలుగుతుంటే వినబడలేదా? పోయి పోయి ఇనప ముక్కని నిమిరావు."

"ఇనుము కాదే, అల్యూమినియం," అన్నాడు మామ.

"నువ్వుండు నాన్నా!"

"మీరుండండీ!"

రెండు కేకలూ ఒకేసారి పడ్డాయి. తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరు ముందు నవ్వారో మామ చూడలేదు. ఆయన తల దించుకుని ఉన్నాడు. తిట్లు పడినందుకు అంత సంతోషపడ్డ మనిషి ఇంకొకడు ఉండడు.

"మూలుగు వినబడక కాదు," అంది టేపత్త కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "నీ కోటు లోపల భుజం దగ్గర మెత్త ఎవరు కుట్టారనుకున్నావు?"

"బావ కుట్టించాడనుకున్నాను."

"వాడికి బొత్తాం కుట్టడం రాదు."

"మరి బండి సామానుకి చెయ్యి వెయ్యనన్నావుగా?"

"కోటు బండి కాదుగా."

పిడుగు లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. తల్లి చెయ్యి అందుకుని, బొటనవేలిని తీసుకెళ్లి పిస్టన్ మీద ఊడిన చోట ఆనించింది. మచ్చ మీద గీత, గీత మీద మచ్చ. తర్వాత ఆ చేతిని అక్కడి నుంచి ఎత్తి, విరిగి అతికిన తన భుజం మీద పెట్టుకుంది. టేపత్త ఆ ఎముక అతికిన గట్టును మొదటిసారి తడిమింది. గ్లౌజులు అక్కర్లేని చోటు అది. ఎంత తడిమినా ఏమీ ఊడదు.

"కోపం రాలేదా నీకు?" అంది టేపత్త.

"వచ్చింది. ముందు అన్నం తిని, తర్వాత పడతాను."

ఆ భోజనం వర్ణించమంటే నా వల్ల కాదు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. మామ తన చల్లారిన పళ్లెంలోదే తిని, ఉప్పు సరిపోయిందని అడక్కుండానే చెప్పాడు. నిజానికి ఆవిడ ఉప్పు రెండుసార్లు వేసింది.

"ఎందుకు ఊడిందో తెలిసిందిగా," అంది టేపత్త చివరికి. హెల్మెట్‌ను బల్ల మీంచి తీసి, దుమ్ము లేకపోయినా తుడిచి, కూతురి ముందు పెట్టింది. ఆ పని చేయడానికి ఆవిడకు ఎంత బలం కావాల్సివచ్చిందో మామకు తెలుసు. "రేపు ఎక్కు."

పిడుగు తలూపింది.

"మరి ఆ రెండోదాన్ని ఎప్పుడు విప్పుతున్నారు?" అంది టేపత్త పళ్లేలు ఎత్తుతూ.

"రెండోదెందుకు? అది బాగానే ఉంది. దాన్ని ఉన్నచోటే ఉంచి పంపాం," అంది పిడుగు.

టేపత్త చేతిలో పళ్లేలు ఆగాయి. "రెంటినీ నిమిరానే. ఒకదాన్ని నిమిరి ఇంకోదాన్ని వదిలేస్తే చిన్నబుచ్చుకోదూ?"

మామ కుర్చీ వెనక్కి పడింది. ఆయన దాన్ని లేపలేదు.

బెంచి మీద వేడి వేడే కాదు. అసలు వేడి మైదానంలో ఉంది. అక్కడ యాక్సిలరేటరు నిండుగా తిప్పితే ఆ రెండో పూత లేస్తుంది. లేచిన పెచ్చు ఎక్కడికీ పోదు, లోపలే తిరుగుతుంది. పిస్టన్‌కీ దాని చుట్టూ ఉన్న సిలిండరు గోడకీ మధ్య ఇరుక్కుంటే ఇంజను బిగుసుకుపోతుంది. ఇంజను బిగుసుకుంటే వెనక చక్రం ఉన్నచోటే ఆగుతుంది. బండి మాత్రం ఆగదు. బండి మీద మనిషి అసలే ఆగడు.

"బండి ఇప్పుడు నిలబెట్టే ఉందిగా?" అంది టేపత్త. "పందెం రేపు కదా. పిల్లని ఎక్కనివ్వకుండా ఈలోగా విప్పేస్తే సరిపోతుంది కదా?"

పిడుగు ముఖంలో రంగు లేదు. "పాత పిస్టన్ వేశాం కదమ్మా. దాన్ని కుదుట పెట్టాలంటే ముందు కాసేపు బండి తిప్పాలి. నన్ను భుజానికి విశ్రాంతి ఇవ్వమని, తనే తిప్పుతానని..."

"ఎవరు?"

"బావ."

టేపత్త పళ్లేలు కింద పెట్టలేదు, వదిలేసింది. తను ఎత్తుకుని పెంచిన అన్న కొడుకు వాడు. కూతుర్ని ఇంట్లో ఉంచుకుందామనుకున్న ఆ ఆవగింజ ఇప్పుడు వాడి కింద ఉంది.

మామ ఫోను చెవికి పెట్టుకున్నాడు. మోగుతోంది. పిడుగు అప్పటికే రెండేసి మెట్లు దిగుతోంది. ఆ అమ్మాయి వెనక, జీవితంలో మొదటిసారి, టేపత్త కూడా రెండేసి మెట్లు దిగుతోంది. మోగుతూనే ఉంది.

ఆ ఫోను మోగుతుండగానే ఒక మాట చెప్పేయాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. పైన చెప్పినదాంట్లో ఒకటి నేను కల్పించాను. టేపత్త వేలి మీద మచ్చ ఉన్నమాట నిజమే. పిడుగు దాని మీద రైలుపట్టాలు గీసిన మాటా నిజమే. కానీ పిస్టన్ మీద గీత లేదు. అక్కడున్నది బటానీ గింజంత పెచ్చు ఊడిన చోటు. అది ఎవరి వేలో, అసలు వేలో కాదో చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. మామకు అనుమానం తెచ్చింది మనిషి లేని క్యారియర్ ఒక్కటే. "నేనే ముట్టుకున్నాను" అని ఆయన అంటే పిడుగు నమ్మలేదు, ఎందుకంటే ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. హెల్మెట్ బల్ల మీదే ఉంది. పిడుగు రేపు ఎక్కననే అంటోంది. టేపత్త కోరుకున్నదంతా ఆ బల్ల మీద సిద్ధంగా ఉంది. ఇంకాస్త కూర కలుపుతూ నిలబడితే చాలు.

పట్టించింది గీత కాదు. ఆవిడే ఇటు తిరిగింది.

అంత మెత్తని మాట ఊరికే చెబితే మీరు నమ్మరేమోనని సాక్ష్యానికి ఒక గీత గీశాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే. ఆ ఫోను అవతల ఎవరూ ఎత్తకపోవడం కూడా.